ఆంగ్ల పరీక్షల్లో అభిప్రాయవ్యాసం: పంచావయవ దృష్టితో నిర్మాణ పరిశీలన

వ్యాససంగ్రహం

విదేశీ విద్యకు, ఉద్యోగాలకు వెళ్లదలచిన తెలుగు విద్యార్థులు రాసే ఆంగ్లభాషా పరీక్షల్లో అభిప్రాయవ్యాసం కీలకమైనది. దీని నిర్మాణమంటే నాలుగు పేరాలు, కొన్ని అనుసంధాన పదాలు అన్న భావన శిక్షణరంగంలో స్థిరపడింది. తెలుగువారి వ్యాసం గాడి తప్పడానికి వారి ఆలోచనారీతే కారణమన్న మాట కూడా వినిపిస్తుంది. ఈ రెండు అభిప్రాయాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. న్యాయశాస్త్రంలోని పంచావయవ వాక్యాన్ని కొలమానంగా తీసుకొని, ఈ వ్యాసాల్లో ప్రధానంగా కొరవడేది ‘ఉపనయం’ అని ప్రతిపాదిస్తుంది. ఐఈఎల్‌టీఎస్ రచనా విభాగంలోని రెండవ ప్రశ్నకు ఈ పరిశీలన పరిమితం.

కీలకపదాలు: అభిప్రాయవ్యాసం, ఐఈఎల్‌టీఎస్, పంచావయవాలు, ఉపనయం, సంబద్ధత, వ్యాసబోధన.

1. ఉపోద్ఘాతం

పైచదువులకు విదేశాలకు వెళ్లే తెలుగు విద్యార్థి విమానం ఎక్కడానికి ముందు రాసే చివరి వ్యాసం సాధారణంగా తెలుగులో ఉండదు. అది 40 నిమిషాల్లో, 250 పదాలకు తగ్గకుండా, ముఖపరిచయం లేని ఒక పరీక్షకుడి కోసం రాసే ఆంగ్లవ్యాసం. ప్రవేశానికి అనేక విశ్వవిద్యాలయాలు 6.5 బ్యాండ్ అడుగుతాయి. కొన్ని ప్రతి విభాగంలోనూ 6కు తగ్గరాదని షరతు పెడతాయి. చదవడంలో, వినడంలో మంచి బ్యాండ్ తెచ్చుకొన్న విద్యార్థి రచనలో అర బ్యాండ్ తక్కువై మళ్లీ రుసుము కట్టి పరీక్షకు కూర్చోవడం తెలుగు పట్టణాల్లో కొత్త విషయం కాదు. అర బ్యాండ్ అంటే చూపుకు చిన్నదే. దాని వెనుక ఒక విద్యాసంవత్సరం, ఒక బ్యాంకు రుణం, ఒక కుటుంబం నిర్ణయం ఉంటాయి.

ఇంత బరువు మోసే ఈ రచనారూపం తెలుగు సాహిత్యవిమర్శ దృష్టికి రాలేదనే చెప్పాలి. అది ఆంగ్లశాఖ వ్యవహారమనీ, అంతకన్నా కోచింగ్ సెంటర్ల వ్యవహారమనీ తెలుగు అధ్యాపకులు భావించడం సహజం. అయితే ఈ విద్యార్థుల్లో తెలుగును ఒక పాఠ్యాంశంగా చదివినవారికి ‘వ్యాసం’ అనే మాట మొదట పరిచయమైంది తెలుగు తరగతిలోనే. ఒక విషయం మీద పేరాలుగా రాయడం వారు మొదట నేర్చుకొన్నదీ అక్కడే. ఆ అలవాటులోని బలం, బలహీనత రెండూ ఆంగ్ల పరీక్షాపత్రం మీద కనిపిస్తాయి. ఆ కారణంగా ఇది తెలుగు వ్యాసబోధనకు సంబంధించిన ప్రశ్న కూడా.

2. ప్రశ్న అడుగుతున్నదేమిటి?

ఐఈఎల్‌టీఎస్ 1989లో ప్రస్తుత నామంతో మొదలైంది. దీని రచనా విభాగం వ్యవధి 60 నిమిషాలు. మొదటి ప్రశ్నకు 20 నిమిషాలు, రెండవదానికి 40 నిమిషాలు కేటాయించుకోవాలని సూచిస్తారు. రెండవ ప్రశ్నకు మొదటిదానికన్నా రెట్టింపు విలువ ఉంది. మూల్యాంకనానికి నాలుగు ప్రమాణాలు: ప్రశ్నకు స్పందించిన తీరు, అన్వయ సంబద్ధతలు, పదసంపద, వ్యాకరణ వైవిధ్యం – శుద్ధత. నాలుగింటికీ సమాన విలువ. అంటే వ్యాసానికి లభించే బ్యాండ్‌లో సగం, ‘ఏం చెప్పాడు, ఎలా అమర్చాడు’ అన్న రెండు ప్రమాణాల మీదే ఆధారపడుతుంది. మిగిలిన సగమే భాషది. విద్యార్థుల శ్రమ మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. కఠినపదాల జాబితాలు కంఠస్థం చేయడానికి నెలలు వెచ్చిస్తారు. ప్రశ్నను రెండుసార్లు చదవడానికి నిమిషం కేటాయించరు.

అభిప్రాయ ప్రశ్నలో సాధారణంగా ఒక ప్రకటన ఉంటుంది. దానితో ఎంతవరకు ఏకీభవిస్తారో చెప్పమని అడుగుతారు. ‘ఎంతవరకు’ అన్న మాట ఇక్కడ కీలకం. పూర్తిగా ఏకీభవించవచ్చు, పూర్తిగా విభేదించవచ్చు, కొంతమేరకే అంగీకరించవచ్చు. మూడింటికీ సమానమైన అర్హత ఉంది. కాని కొంతమేరకు అంగీకరించడం వేరు, ఎటూ తేల్చకపోవడం వేరు. ‘నగరాలకు ఇది సరిపోతుంది, పల్లెలకు సరిపోదు, ఎందుకంటే ఫలానా తేడా ఉంది’ అనడం ఒక వైఖరి. ‘దీనివల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అనడం వైఖరి కాదు. పరీక్ష నిర్వాహకులు బహిరంగంగా ఉంచిన బ్యాండ్ వివరణలు పై స్థాయులకు అడిగేది వ్యాసం పొడవునా స్పష్టంగా నిలిచే వైఖరి.

తెలుగు తరగతి అలవాటు అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. సెల్‌ఫోన్ లాభనష్టాలు, గ్రంథాలయాల ఆవశ్యకత, నీటి పొదుపు వంటివి పాఠశాల వ్యాసాలకు చిరపరిచితమైన శీర్షికలు. ఉపోద్ఘాతం, విషయవివరణ, లాభాలు, నష్టాలు, ముగింపు అన్న ఉపశీర్షికల కింద వీటిని రాయిస్తారు. ఇది విషయవ్యాసం. దీనిలో రచయిత అభిప్రాయానికి చోటు ఉండదు, ఉన్నా చివరి రెండు వాక్యాల్లో హితబోధగా మిగులుతుంది. పదేళ్లపాటు విషయవ్యాసం రాసిన చెయ్యి అభిప్రాయవ్యాసం అడిగినప్పుడు కూడా విషయాన్నే వివరిస్తుంది. ప్రజారవాణా గురించి అడిగితే ప్రజారవాణా అంటే ఏమిటో నిర్వచిస్తుంది. మంచి ఆంగ్లంలో రాసిన అలాంటి వ్యాసాలు కూడా మొదటి ప్రమాణం దగ్గరే ఆగిపోతాయి.

3. అతుకులు, అన్వయం

శిక్షణరంగం ఈ సమస్యకు కనిపెట్టిన మందు మూస. మొదటి పేరాలో ప్రశ్నను మాటలు మార్చి రాయడం, రెండవది ‘ఫస్ట్‌లీ’తో, మూడవది ‘సెకండ్లీ’తో ఎత్తుకోవడం, నడుమ ‘మోరోవర్’, ‘ఫర్దర్మోర్’, చివర ‘ఇన్ కన్‌క్లూజన్’. ఈ మూసకు ప్రయోజనం లేదని కొట్టివేయడం న్యాయం కాదు. ఏమీ తోచని విద్యార్థికి అది ఒక చేతికర్ర. పేరా అంటే ఒకే భావాన్ని మోసే ఏకకమన్న ఆలోచనకు ఆంగ్లబోధనలో దీర్ఘచరిత్ర కూడా ఉంది. స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1866లో ప్రచురించిన ‘ఇంగ్లీష్ కంపోజిషన్ అండ్ రెటరిక్’ గ్రంథంలో పేరా ఏకత్వాన్ని నియమంగా సూత్రీకరించాడు. పేరా ఆరంభంలోనే దాని విషయం తెలియాలన్న నియమం నేటి తరగతి గదుల దాకా నడిచివచ్చింది.

చిక్కు ఏమిటంటే, అతుకు కనిపించడమే అమరిక అని విద్యార్థి నమ్ముతాడు. పరీక్ష ప్రమాణాలు దీనికి విరుద్ధంగా ఉన్నాయి. 6వ బ్యాండ్ వివరణ వాక్యాల మధ్య సంబద్ధత యాంత్రికంగా ఉండటాన్ని లోపంగా పేర్కొంటుంది. 9వ బ్యాండ్‌కు చేరిన వ్యాసంలో సంబద్ధత పాఠకుడి దృష్టిని దాదాపు ఆకర్షించదు. అంటే విద్యార్థి శ్రద్ధగా పేర్చిన ‘మోరోవర్’లు అతణ్ని పైకి లేపవు సరికదా ఉన్నచోటనే నిలిపి ఉంచుతాయి.

ఎం.ఎ.కె. హాలిడే, రుఖైయా హసన్ 1976లో ప్రచురించిన ‘కోహెషన్ ఇన్ ఇంగ్లీష్’ ఆంగ్లంలోని సంబద్ధతను ఐదు విధాలుగా విభజించింది. నిర్దేశం, ప్రత్యామ్నాయం, లోపం, సముచ్చయం, పదసంబంధం. వీటిలో అనుసంధాన పదాలు ఒక్క సముచ్చయం కిందికే వస్తాయి. ‘ఈ ఖర్చు’, ‘అలాంటి నిర్ణయం’ అంటూ ముందు వాక్యాన్ని వెనక్కి తిరిగి పట్టుకొనే నిర్దేశమూ, ఒకే అర్థక్షేత్రానికి చెందిన పదాలు వాక్యం నుంచి వాక్యానికి సాగే పదసంబంధమూ చేసే పని మరింత నిశ్శబ్దమైనది. శిక్షణలో మిగిలిన నాలుగు విధాలూ మరుగున పడి, సముచ్చయం మాత్రమే రాజ్యమేలుతున్నది.

తెలుగు విద్యార్థి ఈ విషయంలో ఎదుర్కొనే ఇబ్బందికి భాషానిర్మాణం కూడా కొంత కారణం. తెలుగు వాక్యాలు అసమాపక క్రియలతో సునాయాసంగా ముడిపడతాయి. వెళ్లి, వెళ్తూ, వెళ్తే, వెళ్లినా అన్న నాలుగు రూపాలు నాలుగు తార్కిక సంబంధాలను చెప్పేస్తాయి. విడిగా అనుసంధాన పదం అవసరం లేదు. ఆంగ్లంలో ఆ ముడులు తెగిపోయి, ప్రతి ఉపవాక్యమూ ఒక సమాపక వాక్యంగా విడివడుతుంది. ఖాళీ అయిన ఆ చోట్లలో విద్యార్థి ‘సో’, ‘అండ్’, ‘ఆల్సో’ నింపుతాడు. తెలుగులో ‘ఎందుకంటే’ అన్న మాటతో స్వతంత్ర వాక్యాన్ని ఎత్తుకోవచ్చు. అదే పద్ధతిలో ‘బికాజ్’తో మొదలుపెట్టి ఫుల్‌స్టాప్‌తో ముగించిన ఉపవాక్యం ఆంగ్లంలో అసంపూర్ణమవుతుంది. ఇవి వాక్యస్థాయి చిక్కులు. సాధనతో తీరేవి. వీటిని ఆలోచనారీతిలోని లోపంగా చూడటం పొరపాటు.

4. ఆలోచన వంకరా?

ఆ పొరపాటుకు శాస్త్రీయమైన పూర్వరంగం కూడా ఉంది. రాబర్ట్ కప్లాన్ 1966లో ‘లాంగ్వేజ్ లెర్నింగ్’ పత్రికలో ప్రకటించిన వ్యాసంలో వివిధ భాషల నేపథ్యం గల విద్యార్థుల ఆంగ్లపేరాలను పరిశీలించి, వాటి గమనాన్ని రేఖాచిత్రాలుగా గీశాడు. ఆంగ్లానికి సరళరేఖ, ప్రాచ్యానికి లోపలికి తిరిగే సుడి. ఆయన పరిశీలన తెలుగు వంటి ద్రావిడ భాషల మీద జరిగింది కాదు. తరువాతి కాలంలో ఆయనే తన తొలి ప్రతిపాదనను చాలావరకు సడలించుకొన్నాడు. అయినా ఆ బొమ్మ మాత్రం ఉపాధ్యాయుల మనసుల్లో నిలిచిపోయింది. ‘మనవాళ్లు చుట్టుతిప్పి చెబుతారు, అసలు విషయానికి రారు’ అన్న మాట ఆ బొమ్మకు తెలుగు అనువాదం లాంటిది.

ఈ మాటకు సమాధానం తెలుగు సాహిత్యచరిత్రలోనే ఉంది. అదీ ఒక పరీక్షావ్యాసం చుట్టూ రేగిన వివాదంలో. 20వ శతాబ్దపు రెండవ దశకంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని విద్యార్థులు పరీక్షలో తెలుగు వ్యాసాన్ని గ్రాంథికంలో రాయాలా, శిష్టవ్యావహారికంలోనూ రాయవచ్చా అన్నది పెద్ద ప్రశ్నగా మారింది. ఈ వివాదంలో ఇరుపక్షాలవారూ ఆంగ్లంలోనూ తమ వాదాలను ప్రకటించారు. గిడుగు రామమూర్తి 1913లో ‘ఎ మెమొరాండమ్ ఆన్ మోడర్న్ తెలుగు’ ప్రకటించాడు. జయంతి రామయ్య పంతులు అదే సంవత్సరం ‘ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు’ వెలువరించాడు. తెలుగు కంపోజిషన్ ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ గురజాడ అప్పారావు 1914లో రాసినది ‘మినిట్ ఆఫ్ డిసెంట్’. సమర్థన, అసమ్మతి అన్న మాటలు పేర్లలోనే ఉన్నాయి. పాఠకుడు మొదటి పుట తిప్పకముందే రచయిత ఎటువైపు నిలబడ్డాడో తెలిసిపోతుంది. గ్రాంథికవాది రామయ్య పంతులైనా, వ్యావహారికవాది గురజాడైనా ఈ విషయంలో ఒకే తీరు. మాతృభాష తెలుగే అయిన ఈ రచయితల గమనంలో ప్రాచ్యపు సుడి వెదకడం వృథా ప్రయాస.

వీరు అసాధారణ పండితులనీ, నేటి డిగ్రీ విద్యార్థితో పోల్చరాదనీ అనవచ్చు. ఆ అభ్యంతరం సమంజసమే. అయితే కప్లాన్ వాదం నైపుణ్యం గురించి కాదు, భాషాసంస్కృతి గురించి. భాష అడ్డుపడేదైతే పండితుడికీ కొంత అడ్డుపడాలి. అడ్డుపడలేదు కాబట్టి, నేటి విద్యార్థిలో కనిపించే లోపానికి మూలం మరోచోట ఉండాలి. వాదించవలసిన అవసరం కలిగినవారు సూటిగానే వాదించారు. నేటి విద్యార్థికి తరగతిలో ఆ అవసరం కల్పించినవారు అరుదు.

5. ఉపనయలోపం

గౌతముని న్యాయసూత్రాలు పరార్థానుమానానికి, అంటే ఎదుటివాడిని ఒప్పించడానికి చేసే అనుమానానికి, ఐదు అవయవాలు చెప్పాయి. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ ద్వారా ఈ పాఠం తరతరాల సంస్కృత విద్యార్థులకు చేరింది. కొండ మీద నిప్పు ఉందన్నది ప్రతిజ్ఞ. పొగ ఉండటం హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా అన్నది ఉదాహరణ. ఈ కొండ మీద కూడా అలాంటి పొగే ఉందని చెప్పడం ఉపనయం. కాబట్టి నిప్పు ఉందని తేల్చడం నిగమనం. మొదటి, రెండవ, మూడవ, ఐదవ అవయవాలను నేటి వ్యాసబోధన వేరే పేర్లతో గుర్తిస్తున్నది. నాలుగవదానికి మాత్రం తరగతిలో స్థిరమైన పేరు లేదు. పేరు లేనిదాన్ని విద్యార్థి వదిలేస్తాడు.

విశ్లేషణ సౌలభ్యం కోసం ఒక ప్రశ్నను ఊహించవచ్చు: ‘నగరాల్లో వాహనాల రద్దీ తగ్గాలంటే ప్రజారవాణాను ఉచితం చేయడమే ఉత్తమ మార్గం. ఈ అభిప్రాయంతో ఎంతవరకు ఏకీభవిస్తారు?’ మూసను అనుసరించిన విద్యార్థి పేరా తెలుగులో చెప్పుకొంటే ఇంచుమించు ఇలా ఉంటుంది:

“మొదటగా, ఉచిత బస్సుల వల్ల రద్దీ తగ్గుతుంది. ఎందుకంటే ప్రజలు డబ్బు ఆదా చేసుకోవాలని కోరుకొంటారు. ఉదాహరణకు, తెలంగాణలో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం. ఇప్పుడు బస్సులు నిండుగా నడుస్తున్నాయి. అంతేకాక, కాలుష్యం కూడా తగ్గుతుంది. కాబట్టి ప్రజారవాణాను ఉచితం చేయాలి.”

పైపైన చూస్తే ఇందులో అన్నీ ఉన్నాయి. వైఖరి ఉంది, కారణం ఉంది, సొంత రాష్ట్రం నుంచి తీసుకొన్న ఉదాహరణ ఉంది, అతుకులు కావలసినన్ని ఉన్నాయి. అయినా పేరా ఒప్పించదు. ఎందుకు ఒప్పించదో అనుసంధాన పదాల జాబితా చెప్పలేదు. న్యాయశాస్త్రం చెప్పగలదు. బస్సులు నిండాయి సరే, ఆ నిండినవారు ఎవరు? స్కూటరు ఇంట్లో వదిలి వచ్చినవారా, లేక అంతకుముందు కూడా బస్సులోనే వెళ్లినవారా? మొదటివారైతే రద్దీ తగ్గుతుంది. రెండవవారైతే రోడ్డు మీద ఒక్క వాహనమూ తగ్గదు. బస్సులు నిండటమన్నది రద్దీ తగ్గినచోటా ఉండగలదు, తగ్గనిచోటా ఉండగలదు. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కనిపించే హేతువును నైయాయికులు సవ్యభిచారం అన్నారు. అది హేత్వాభాసాల్లో ఒకటి. విద్యార్థి ఆ ప్రశ్న వేసుకోకుండానే కాలుష్యం వైపు దూకాడు. ఉదాహరణకూ తీర్మానానికీ నడుమ ఉండవలసిన ఒక్క వాక్యం లేదు. ఆ లేని వాక్యమే ఉపనయం.

అదే ఉదాహరణతో, ఉపనయాన్ని చేర్చి రాసిన పేరా ఇలా ఉండవచ్చు:

“ఛార్జీ తీసివేసినంత మాత్రాన సొంత వాహనం ఉన్నవారు బస్సు వైపు మళ్లరు. వారిని ఆపుతున్నది ధర కన్నా ఎక్కువగా స్టాపులో నిరీక్షణ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. మా వీధిలో ఈ సౌకర్యాన్ని వాడుకొంటున్నవారు చాలావరకు అంతకుముందు కూడా బస్సు ఎక్కినవారే. స్కూటరు ఉన్నవారు స్కూటరు మీదే వెళ్తున్నారు. అంటే ఆ పథకం పేద ప్రయాణికులకు మేలు చేసింది కాని, రోడ్డు మీది వాహనాలను తగ్గించలేదు. రద్దీ తగ్గించడమే లక్ష్యమైతే అదే డబ్బుతో బస్సుల సంఖ్య పెంచడం మేలు.”

ఇది మొదటి పేరాకు విరుద్ధమైన వైఖరి. అయితే బలం వైఖరిలో లేదు. ఉచిత ప్రయాణాన్ని సమర్థిస్తూ కూడా ఇంతే దృఢమైన పేరా రాయవచ్చు. ఛార్జీల భారంతో పాత మోటారుసైకిల్ కొనుక్కొన్న కుటుంబం తిరిగి బస్సు ఎక్కిన సంగతి చూపితే చాలు. గమనించవలసింది ‘అంటే’తో మొదలైన వాక్యం. వీధిలో కనిపించినదాన్ని ప్రశ్నలోని రద్దీకి అన్వయించినది అదే. ఆ వాక్యం వచ్చేసరికి ‘మొదటగా’, ‘అంతేకాక’ అవసరం లేకపోయింది. ‘ఈ సౌకర్యం’, ‘ఆ పథకం’, ‘అదే డబ్బు’ అన్న నిర్దేశాలు వాక్యాలను వాటంతట అవే పట్టి ఉంచాయి. సంబద్ధత పైనుంచి పూసిన జిగురు కాదు. అన్వయం కుదిరిన చోట అది దానంతట పుడుతుంది.

పంచావయవాలను ఐదు పేరాలుగా తర్జుమా చేసుకొనే ప్రలోభం కలగవచ్చు. అలా చేస్తే పాత మూస స్థానంలో సంస్కృత పేర్లతో కొత్త మూస వచ్చి కూర్చుంటుంది. ఐదూ ఒకే పేరాలో ఇమడవచ్చు. ప్రతిజ్ఞ వ్యాసారంభంలో ఒకసారి చెప్పి, పేరాల్లో మిగిలిన నాలుగూ సాగవచ్చు. పోలికకు ఒక హద్దు కూడా ఉంది. న్యాయ వాక్యానికి ఆధారం వ్యాప్తి, అంటే మినహాయింపు లేని సహచర్యం. ప్రజారవాణా, బాలల చదువు, పట్టణ జీవనం వంటి విషయాల్లో పొగకూ నిప్పుకూ ఉన్నంత నియతి దొరకదు. అందుకే అభిప్రాయవ్యాసంలో ‘చాలావరకు’, ‘ఈ పరిస్థితిలో’ వంటి మాటలు పిరికితనం కావు. అవి వ్యాప్తి ఎంతదూరం వర్తిస్తుందో చెప్పే నిజాయితీ. ప్రశ్నలోని ‘ఎంతవరకు’ అన్న మాట అడుగుతున్నదీ ఇదే.

6. దృష్టాంతమూ దొంగ లెక్కలూ

శిక్షణతరగతుల్లో చలామణీలో ఉన్న మరో సలహాను ఇక్కడ విమర్శకు పెట్టాలి. ఉదాహరణ తోచకపోతే ఒక విశ్వవిద్యాలయం పేరు, ఒక శాతం కల్పించి రాయమంటారు. పరీక్షకుడు వాస్తవాలను సరిచూడడు, అతడు చూసేది భాషనే అన్నది వారి సమర్థన. పరీక్షకుడు లెక్కలు సరిచూసుకోడన్నది నిజమే. కాని సలహా రెండు విధాల చెడ్డది.

మొదటిది నీతికి సంబంధించినది. విశ్వవిద్యాలయ ప్రవేశం కోసం రాసే పరీక్షలోనే కల్పిత అధ్యయనాన్ని ఉదాహరించడం నేర్పితే, ఆ విద్యార్థి పరిశోధకుడైనప్పుడు ఏం చేస్తాడన్నది పరిశోధనను వృత్తిగా ఎంచుకొన్నవారు ఆలోచించవలసిన విషయం. రెండవది నిర్మాణానికి సంబంధించినది. న్యాయసూత్రాల ప్రకారం దృష్టాంతమంటే సామాన్యుడూ పరీక్షకుడూ ఇద్దరూ ఒకే అభిప్రాయానికి రాగలిగిన విషయం. ఆ సూత్రం ‘పరీక్షకుడు’ అన్న మాటనే వాడటం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైనది. ఎక్కడిదో ఒక విశ్వవిద్యాలయపు 78 శాతం అటువంటిది కాదు. దాన్ని పాఠకుడు నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. బస్‌స్టాపులో అరగంట నిరీక్షణ మాత్రం అందరికీ తెలిసిందే. దాని మీద వాదం అక్కరలేదు. కల్పిత శాతంతో పాటు ఉపనయం కూడా మాయమవుతుంది. లెక్కే అన్నీ చెప్పేసిందని విద్యార్థి భావిస్తాడు. సొంత అనుభవమైతే దాన్ని ప్రశ్నకు అన్వయించక తప్పదు. ప్రశ్నపత్రం కూడా సొంత పరిజ్ఞానం నుంచి, అనుభవం నుంచి ఉదాహరణలు ఇమ్మనే కోరుతుంది.

తెలుగు విద్యార్థి తన ఊరిని, తన ఇంటిని ఆంగ్లవ్యాసంలోకి తేవడానికి వెనుకాడతాడు. లండన్, న్యూయార్క్ ఉదాహరణలైతేనే గౌరవమనుకొంటాడు. సామినేని ముద్దునరసింహం ‘హితసూచని’ 1862లో అచ్చయినప్పుడు, అందులోని రచనలకు వ్యాసాలన్న పేరు లేదు. ఆయన వాటిని ప్రమేయాలన్నాడు. తెలుగులో ఆధునిక వ్యాసానికి ఆదిగా చెప్పే ఆ పుస్తకం చదువు, వైద్యం, వివాహం వంటి నిత్యజీవిత విషయాలనే చర్చకు తీసుకొంది. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’కి ఆంగ్లంలోని ‘స్పెక్టేటర్’ ప్రేరణ. అయితే జంఘాలశాస్త్రి మాట్లాడినది తెలుగు వీధుల గురించే. రూపం పరాయిదైనప్పుడు కూడా దృష్టాంతం సొంతదై ఉండటం తెలుగు వ్యాసానికి మొదటి నుంచీ తెలిసిన విద్య.

7. పరీక్ష హద్దులు, తరగతి అవకాశం

ఈ పరీక్షను ఆదర్శరూపంగా భావించనవసరం లేదు. ముందుగా ఆలోచించని విషయం మీద 40 నిమిషాల్లో ఒక వైఖరి తీసుకొమ్మనడంలో కృత్రిమత్వం ఉంది. నమ్మినదాన్ని కాక, పాయింట్లు తోచిన పక్షాన్ని ఎంచుకోమనే సలహా అక్కడి నుంచే పుట్టింది. సత్యనిర్ణయం కోసం సాగే వాదానికీ, గెలుపు కోసం సాగే జల్పానికీ నైయాయికులు చూపిన తేడా ఇక్కడ గుర్తుకు రాక మానదు. పరీక్షావ్యాసం జల్పానికే కొంత దగ్గర. ఎదుటిపక్షం మాట విని అభిప్రాయం మార్చుకొనే అవకాశం 250 పదాల్లో లేదు. ఇతర పరీక్షల్లో ఈ రూపం మారుతూనే ఉంది. టోఫెల్ 2023 జూలైలో 30 నిమిషాల స్వతంత్రవ్యాసాన్ని తీసివేసి, ఇద్దరు సహవిద్యార్థుల అభిప్రాయాలు చదివి 10 నిమిషాల్లో తన మాట చేర్చే చర్చారూపాన్ని ప్రవేశపెట్టింది. అక్కడా వైఖరి, దానికి ఆధారం, ఆ ఆధారాన్ని ప్రశ్నకు అన్వయించడం అన్న పని మారలేదు. నిడివే తగ్గింది.

రూపాలు మారినా మిగిలే ఈ పనిని తెలుగు తరగతి నేర్పగలదు. దానికి కొత్త పాఠ్యగ్రంథం అవసరం లేదు. శీర్షిక రూపం మారితే చాలు. ‘సెల్‌ఫోన్ – లాభనష్టాలు’ అన్న శీర్షిక విషయవ్యాసాన్ని రప్పిస్తుంది. ‘కళాశాల తరగతిగదిలో సెల్‌ఫోన్‌ను నిషేధించడం సరైనదేనా?’ అన్న ప్రశ్న వైఖరిని రప్పిస్తుంది. మూల్యాంకనంలో కూడా ఉపశీర్షికలకు ఇచ్చే మార్కుల్లో కొన్నింటిని ఒక్క పరిశీలనకు మళ్లించవచ్చు: విద్యార్థి ఉదాహరణ చెప్పిన తరువాత ‘అంటే’ అని తనకు తాను చెప్పుకొని తరువాతి వాక్యం రాశాడా, లేదా? మార్జిన్‌లో ‘బాగుంది’, ‘విస్తరించాలి’ అని రాసే చోట, ఉదాహరణ పక్కన ఎర్రసిరాతో ‘అయితే ఏమిటి?’ అని రాస్తే విద్యార్థికి ఆ ఖాళీ కనిపిస్తుంది. ఆ ప్రశ్నకు తెలుగులో జవాబు రాయడం అలవాటైన విద్యార్థికి, పరీక్షగదిలో ఆంగ్లంలో వెదుక్కోవలసింది మాటలు మాత్రమే.